ఉన్మాద చికిత్సయు వినాళగ్రంథులును: ఆరోగ్యశాఖామాత్యులకు బహిరంగ లేఖ

మాన్యులైన తెలంగాణ రాష్ట్ర వైద్యారోగ్యశాఖామాత్యులవారి సముఖమునకు, బోధను పట్టణమునందలి షక్కర్‌నగరు వాస్తవ్యుడొకడు సవినయముగా వ్రాసికొను లేఖ.

అమాత్యవర్యా,

మానసిక రోగుల ఓపీ జరుగు దినమున మన ప్రాంతమునందలి ఏ వైద్యశాలకు వెళ్లినను కానవచ్చు దృశ్యమొక్కటే. తొలి బస్సునకు పల్లెలనుండి బయలుదేరి వచ్చిన తల్లులు, అన్నలు, భర్తలు, తమవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఓపీ చీటీ నలుగకుండ చేతబట్టుకొని, మధ్యాహ్నమువఱకును వేచియుందురు. పిలుపు వచ్చినపిదప లోపల గడచు కాలము కొలది నిమిషములు మాత్రమే. ఆ స్వల్పవ్యవధిలో డాక్టరుగారు అడుగునవి, నిద్ర పట్టుచున్నదా, చెవిలో మాటలు వినబడుట తగ్గినదా, ఎవరిమీదనైనను చేయి చేసికొనుచున్నారా, మందు తప్పక వేసికొనుచున్నారా అను ప్రశ్నలు. వీనిలో అనవసరమైనదొక్కటియు లేదు. అంతమంది రోగులకు ఒక్కరై కూర్చుండిన వైద్యునకు అంతకుమించి అడుగ తీరిక లేదన్న సంగతియు నేనెఱుగనిది కాదు. అయినను ఆ గదిలో అడుగబడక మిగిలిపోవు ప్రశ్నలు కొన్ని కలవు. నెలసరి వచ్చుచున్నదా, చంటిబిడ్డ లేకయే రొమ్మున పాలు కారుచున్నవా, మందు మొదలిడిన పిమ్మట బరువెంత పెరిగినది, రాత్రులు దాహమగుచున్నదా, దాంపత్యమున ఏమైన లోటు కలిగినదా అనునవి ఆ ప్రశ్నలు.

ఆ అడుగబడని ప్రశ్నలను గూర్చియే ఈ లేఖ. నేను వైద్యుడను కాను. ఉపాధ్యాయవృత్తి చేసి విరమించినవాడను. బంధువులలోను ఇరుగుపొరుగునను ఈ వ్యాధి బారిన పడినవారికి తోడుగా వైద్యశాలల చుట్టు తిరిగినందున, వైద్యులనడిగియు గ్రంథములు చదివియు కొంత తెలిసికొన్నవాడను. తెలిసికొన్నదాని సారమిది: ఉన్మాదవ్యాధియు, దాని కిచ్చు ఔషధమును, రెండును దేహమునందలి వినాళగ్రంథుల స్రావములను, అనగా నేడు హార్మోనులని జనులెల్లరు పిలుచుచున్నవానిని, కదలించును, ఆ కదలికను కొలువక, రోగికి దానిని గూర్చి యొక్క మాటయైనను చెప్పక, మాత్రలు మాత్రమిచ్చి పంపుచున్నంతకాలము, ఆ రోగి ఇంటికి పోయి వానిని మానివేయుచునే యుండును, వ్యాధి తిరుగబెట్టుచునే యుండును, తమ శాఖ వెచ్చించు ధనమంతయు ఆ రాకపోకలకే వ్యయమగుచుండును.

ముందుగా ప్రొలాక్టిన్ అను హార్మోనును గూర్చి విన్నవించెదను, ఏలయన మన ఆడుబిడ్డలను మందునుండి తరిమివేయుచున్నది ముఖ్యముగా అదియే. మెదడు అడుగుభాగమున వ్రేలాడు పీయూషగ్రంథి ఈ హార్మోనును స్రవించును. బాలింతరాలికి పాలు పడుట దీని పని. తక్కిన హార్మోనులవలె దీనిని పురికొల్పి స్రవింపజేయవలసిన అక్కఱ అంతగా లేదు. తనంతట తానే ప్రవహింపజూచు దీనిని మెదడునందలి హైపోథలామస్ అను భాగమునుండి దిగివచ్చు డోపమైను అను రసము, నిజాంసాగరు కాలువనీటిని తూము తలుపు ఆపినట్లు, అనుక్షణము ఆపుచుండును. ఉన్మాదమునకిచ్చు ఔషధములలో అధికభాగము పనిచేయునది ఆ డోపమైనును అడ్డగించుటచేతనే. భ్రమలను, లేని మాటలను పుట్టించు చోట అడ్డగించిన మేలే; కాని మాత్ర మ్రింగినపిదప ఆ ఔషధము మెదడంతయు వ్యాపించును, పీయూషగ్రంథికడ కూడ అదే పని చేయును. తొలి మోతాదు వేసిన కొలది గంటలలోనే ప్రొలాక్టిన్ పెరుగనారంభించును. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ అనునవి ఈ విషయమున మిక్కిలి ప్రబలమైనవి. స్త్రీలకు మిల్లీలీటరు రక్తమున సుమారు 25 నానోగ్రాములలోపల నుండవలసినది, ఈ మందులు వాడువారిలో దానికి పలురెట్లు కావచ్చును. ప్రొలాక్టిన్ అట్లు పెరిగినపుడు అండాశయములను మేల్కొలుపు సంకేతములు మెదడునుండి సన్నగిల్లును, నెలసరి తప్పును, ఈస్ట్రోజన్ తగ్గును, సంవత్సరముల తరబడి ఈస్ట్రోజన్ లేని దేహమున ఎముకలు గుల్లబారును. పురుషులకును కామేచ్ఛ నశించుట, అంగస్తంభన లోపించుట, రొమ్ములు ఉబ్బుట కలుగును. ఆ సంగతి వారు భార్యకు చెప్పరు, వైద్యునకు అసలే చెప్పరు.

ఇది నిన్న నేడు కనుగొనబడిన రహస్యము కాదు. 1952లో ప్యారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైనును ఉన్మాదులకు ఇచ్చి చూచినపిదప, ఆ దశాబ్దముననే ఆ మందు వాడు స్త్రీలకు పాలు పడుటను వైద్యులు గమనించిరి. అంతకుముందే, 1931లో, కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోసు మన సర్పగంధి వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించియుండిరి. ఆ వేరునుండి పిదప వేఱుపఱచిన రిసర్పిన్ సైతము డోపమైనును హరించి ప్రొలాక్టిన్‌ను పెంచునదే. కాని మానవ ప్రొలాక్టిన్‌ను నిశ్చయముగా గుర్తించి రక్తమున కొలుచు మార్గము 1970 ప్రాంతమున గాని లభింపలేదు. అంతవఱకు ఇరువది యేండ్లు వైద్యులు కంటితో చూచియు లెక్కగట్టలేకపోయిరి. ఇపుడా కొఱత లేదు. నిజామాబాదు ఖలీల్‌వాడీలో సందు సందునకు రక్తపరీక్షాలయమున్నది. లేనిదల్లా ఆ పరీక్ష వ్రాసి యిచ్చు అలవాటు, దాని రుసుము చెల్లింపగల స్తోమతు.

మా వాడకు సమీపముననే బీడీలు చుట్టి జీవించు కుటుంబమొకటి కలదు. ఆ ఇంటి కోడలికి ఇరువది రెండేండ్ల ప్రాయమున చెవిలో మాటలు వినబడుట మొదలైనది, ఒక వైద్యశాలలో చూపించిరి, రిస్పెరిడోన్ మొదలుపెట్టిరి. రెండు నెలలు తిరుగకముందే మాటలు అణగినవి. ఆమె మరల చేట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టి, మునుపటివలె బీడీలు లెక్కకు అప్పగించుచుండెను. ఇంటిల్లిపాదియు సంతసించిరి. పిమ్మట నెలసరి ఆగినది. అత్తగారు నెల తప్పినదని మురిసి, చుట్టములకు చెప్పుకొని, మందుల దుకాణమున కొనితెచ్చిన పట్టీతో పరీక్షింపజేయగా గర్భము లేదని తేలినది. మఱి కొన్నాళ్లకు రవికెపై పాలచారలు కానవచ్చినవి. బిడ్డలు లేని కోడలికి పాలు పడుటేమని వాడలోని ఆడవారు గుసగుసలాడిరి. ఎవరో చాటున కడుపు పోగొట్టుకొన్నదనిరి, ఎవరో గాలి సోకినదనిరి. ఆ అమ్మాయి ఎవరితోను పలుకక మాత్రలు మానివేసినది. నెలన్నరలోపల మాటలు మరల వినబడనారంభించి, ఒకనాటి అర్ధరాత్రి ఆమెను కాలువగట్టునుండి వెదకి తీసికొని రావలసివచ్చినది.

పాత మాత్రలే మరల మొదలుపెట్టించిన పిదప, ఆ రెండవమాఱు నేనును వారివెంట వెళ్లితిని. ఈసారి వేఱొక చోట చూపించితిమి, అచట చిన్నవయసు లేడీ డాక్టరొకరు రోగిని చూచి, తక్కినవారిని వెలుపల నుండుమని, మునుపటి చీటీలన్నియు ముందుంచుకొని అడిగిరట: "ముట్టు అయితున్నవా బిడ్డా?" "యాడాది సంది లేదు మేడం." "మరి ఎవరికన్న చెప్పినవా?" "ఎవరు అడగలే మేడం." ఇంతకంటె ఎక్కువ సంభాషణ జరుగలేదు. ప్రొలాక్టిన్ పరీక్ష వ్రాసియిచ్చిరి. వెలుపల డబ్బు కట్టి చేయింపగా సామాన్యప్రమాణమునకు నాలుగైదింతలున్నది. మందును ఒక్కసారిగా ఆపక, కొంచెము కొంచెముగా తగ్గించుచు, అరిపిప్రజోల్ అను వేఱొక ఔషధమునకు మార్చిరి. ఇది డోపమైనును పూర్తిగా అడ్డగింపక, కొంతవఱకు తానే ఆ పని నిర్వహించునది గావున ప్రొలాక్టిన్‌ను పెంచదు, పెరిగినదానిని తగ్గించును కూడ. మూడు నెలలకు నెలసరి తిరిగి వచ్చినది. మాటలు తిరిగి రాలేదు. ఆ యమ్మాయి నాతో నన్నమాట తమకు యథాతథముగా విన్నవించుచున్నాను: "అప్పుడు మందు ఏస్కుంటె తలకాయ మంచిగనే ఉండె సారూ, గని నా పెయ్యి నాది గాకుంట అయింది. గది ఎవరికి చెప్పాలె?"

ఈ సందర్భమున తమకు మఱి రెండు సంగతులు మనవి చేయవలసియున్నది. నెలసరి తిరిగివచ్చినదనగా గర్భధారణశక్తియు తిరిగివచ్చినదన్నమాట. మందు మార్చినపుడే ఆలుమగలిద్దరికిని ఆ మాట చెప్పనిచో, అనుకొనని గర్భము, దానికి వెఱచి మందు ఆపుట, దానివలన వ్యాధి తిరుగబెట్టుట, ఒకదానివెంట నొకటి రాగలవు. రెండవది, మన పట్టణములలో కడుపుబ్బరమునకని ఎవరికి వారు దుకాణమున అడిగి తెచ్చుకొను గ్యాస్ మాత్రలలో పెక్కింటియందు డోంపెరిడోన్ కలిసియుండును, కొన్నింటిలో లెవోసల్‌పిరైడ్ ఉండును. ఈ రెండును ప్రొలాక్టిన్‌ను పెంచునవే. ఉన్మాదమునకు మందు వాడుచున్న స్త్రీ గ్యాస్ మాత్ర కూడ నిత్యము వేసికొనుచున్నదేమో అడిగి తెలిసికొనుట రక్తపరీక్షకన్నను ముందు చేయదగిన పని. ఆ పరీక్షయైనను, నిద్రలేచిన వెంటనే గాక, సూదిపోటునకు భయపడి వణకుచున్నపుడు గాక, కొంచెము స్తిమితపడిన పిదప రక్తము తీసి చేయవలెను; భయమే ప్రొలాక్టిన్‌ను పెంచగలదు.

ఇక షుగరు వ్యాధి. ఉన్మాదమునకును మధుమేహమునకును గల చుట్టరికమును 1879లోనే ఇంగ్లండు మనోవైద్యుడు హెన్రీ మాడ్‌స్లీ గుర్తించెను. ఉన్మాదులున్న కుటుంబములలో మధుమేహము తఱచుగా కానవచ్చునని ఆయన వ్రాసినప్పటికి నేటి ఔషధములేవియు పుట్టలేదు. వ్యాధియందే ఇన్సులిన్ పనితనము కొంత మందగించియుండునని, ఇంకను మందు మొదలిడని రోగులను పరీక్షించిన వైద్యులు తరువాతి కాలమున చూపిరి. దానిపై ఓలాంజపైన్, క్లోజపైన్ వంటి మందులు చేరినపుడు ఆకలి పెరుగును, కొవ్వు పొట్టచుట్టు చేరును, ఇన్సులిన్ ఉన్నను సరిగా పని చేయదు. ఇంటివారు మొదట సంతోషింతురు: ఎండిపోయిన పిల్లవాడు ఒళ్లు చేసినాడని. సంవత్సరము గడచునప్పటికి వాడు రాత్రి మూడుమాఱులు నీళ్లు త్రాగలేచుచుండును. 2004లో అమెరికాలోని మధుమేహ వైద్యసంఘమును మనోవైద్యసంఘమును కలిసి, ఈ మందులు మొదలిడునపుడు బరువు, నడుము చుట్టుకొలత, రక్తపుపోటు, షుగరు, కొవ్వులు చూడవలెననియు, నాలుగు, ఎనిమిది, పండ్రెండు వారములకు బరువును, పండ్రెండు వారములకు షుగరును మరల చూడవలెననియు నిర్ణయించినవి. త్రాసును కొలతటేపును ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును ఉండగా, చక్కెర పండించిన ఈ సీమలో ఆ మాత్రము జరుగకపోవుటకు కారణము ధనాభావమని నేననుకొనను.

అవటుగ్రంథిని, అనగా థైరాయిడును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. థైరాయిడ్ మిక్కిలి మందగించినచో మనిషి అచ్చముగా ఉన్మాదివలె ప్రవర్తింపవచ్చునని 1949లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్లవైద్యుడు పదునలుగురు రోగులను వర్ణించి నిరూపించెను. వారిలో పలువురు థైరాయిడ్ మందుతోనే తేఱుకొనిరి. అట్టివారిని పిచ్చివారని ముద్రవేసి ఏండ్లకొలది ఉన్మాదపు మాత్రలు మ్రింగించుట ఘోరము. ఒక్క రక్తపరీక్షతో తప్పునది. లిథియం వాడువారికి ఆ గ్రంథి మందగించుట కూడ సామాన్యమే కావున వారికి ఏటేట చూడవలసియుండును.

బాలింతల విషయము మఱి శ్రద్ధగా చూడవలసినది. గర్భకాలమున మిక్కిలి పెరిగియున్న ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ప్రసవమైన కొలది దినములలోనే పాతాళమునకు పడిపోవును. వెయ్యి ప్రసవములకు ఒకరిద్దరిలో, సాధారణముగా తొలి రెండు వారములలోపల, నిద్ర పట్టకపోవుటతో ఆరంభమై, బిడ్డను గూర్చిన భయంకర భ్రమలతో ప్రబలు ఉన్మాదము కలుగును. బాలింతకు గాలి సోకినదని పురుడు వెళ్లువఱకు గదిలో పెట్టి తలుపు వేయుట మన పల్లెలలో నేటికిని కలదు. తల్లికిని బిడ్డకును ప్రాణాపాయమగు దినములు అవియే. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుండి తల్లిని బిడ్డను వేఱుచేయక ఇద్దరిని చేర్చుకొని చికిత్స చేయు విభాగము నడచుచున్నది. ఈస్ట్రోజన్ తగ్గినపుడు ఉన్మాదము పైకొనుననుటకు ఇదొక్కటియే సాక్ష్యము కాదు. నలుబదియైదేండ్లు దాటి ముట్లుడుగు వేళ స్త్రీలలో ఈ వ్యాధి క్రొత్తగా తలయెత్తుట మగవారిలోకంటె అధికము. మెల్బోర్ను నగరమున జయశ్రీ కులకర్ణి అను మనోవైద్యురాలు ఈస్ట్రడయోల్ పట్టీలను మామూలు మందులకు తోడుగా వాడి, కొందఱు స్త్రీలలో లక్షణములు మఱింత తగ్గుటను ప్రకటించినారు. అది మన ఓపీలో నేడు వ్రాయదగిన చికిత్స యని నేననుట లేదు. నెలసరిని గూర్చి అడుగుట మనోవైద్యమునకు వెలుపలి విషయమని తలచువారికి సమాధానముగా చెప్పుచున్నాను.

ఇపుడు మా ప్రాంతమును వేధించు విపత్తును గూర్చి చెప్పవలెను. నిజామాబాదు జిల్లా కల్లు సంగతి తమరెఱుగనిది కాదు. ఈత, తాటి చెట్లనుండి దిగు కల్లు దుకాణములలో అమ్ముడుపోవు కల్లునకు చాలనందున, నీటికి సాకరిన్ చేర్చి, మత్తునకు డైజోఫాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముట ఇచట దశాబ్దముల దురాచారము. పొద్దుననే సీసా పడనిదే చేయి నిలువని కూలీలు, బీడీలు చుట్టు స్త్రీలు, ముసలివారు ఊరూర కలరు. 2015 సెప్టెంబరున అధికారులు ఆ మత్తుమందులను గట్టిగా అరికట్టినపుడు ఏమి జరిగినదో యావద్రాష్ట్రము చూచినది: చేతులు వణకుచు, అర్థములేని మాటలాడుచు, లేనివానిని చూచి బెదరుచు, మూర్ఛలు వచ్చి పడిపోవుచు, వందలమంది ప్రభుత్వ వైద్యశాలలకు చేరిరి, కొందఱిని హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు పంపవలసివచ్చినది, కొందఱు మరణించినట్లు పత్రికలు వ్రాసినవి. మంచములు చాలక వరండాలలో పరుపులు వేసి, కాళ్లు చేతులు మంచమునకు గుడ్డలతో కట్టియుంచిన ఆ దినములు మఱచునవి కావు.

ఆ రోగులకు కలిగినది ఏమి? ఆల్ప్రాజోలం జాతి మందులు మెదడునందలి శాంతికారక వ్యవస్థను బలపఱచి, ఒత్తిడి వేళ హైపోథలామస్ పంపు ఆజ్ఞను అణచియుంచును. ఆ ఆజ్ఞ అందనందున అధివృక్కగ్రంథులు కార్టిసాల్‌ను తక్కువగా విడుచును. ఏండ్లకొలది అట్లు అణగియున్న వ్యవస్థనుండి మందును ఒక్కనాట తీసివేసినచో, కార్టిసాలును అడ్రినలిన్ జాతి రసములును కట్టుతప్పి ఎగయును; గుండె దడ, చెమటలు, నిద్రలేమి, పిదప చిత్తభ్రమ. ఇది పిచ్చి కాదు, శాపము కాదు. కొలువదగిన, ముందుగా నివారింపదగిన దేహవికారము. కల్లులోని మత్తుమందునకు బదులు వైద్యుని చేతి మాత్ర ఇచ్చి, వారము వారమునకు మోతాదు తగ్గించుచు పోయినచో వారిలో పెక్కుమందికి ఆ స్థితి వచ్చియుండెడిది కాదు. దుకాణములపై దాడి చేయు ఆబ్కారీ శాఖయు, ఆ మఱునాడు రోగులను చూడవలసిన తమ శాఖయు ఒకరితో నొకరు ముందుగా మాటలాడుకొనవలెననుట నా మనవి. 2025 ఏప్రిల్‌లో బాన్సువాడ వైపు నస్రుల్లాబాదు, బీర్కూరు మండలముల గ్రామములలో కల్తీకల్లు త్రాగినవారు వింతగా ప్రవర్తించుచు వైద్యశాలలకు చేరుట చూచినపుడు, పదేండ్ల క్రిందటి పాఠము ఏ దస్త్రములోను చేరలేదనిపించినది.

మఱియొక చిక్కు కలదు. ముందే ఉన్మాదమున్నవారు కల్లునకు అలవాటుపడియున్నపుడు రెండు బాధలును ఒక దేహముననే కలహించును. లండనులో తొలిసారి ఉన్మాదము వచ్చినవారి లాలాజలమున కార్టిసాల్‌ను కొలిచి చూచిన మోండెల్లి, పరియాంటె ప్రభృతులు 2010లో విచిత్రమైన సంగతి ప్రకటించిరి: వారిలో మందు మొదలిడి రెండు వారములు నిండనివారికి పగటివేళ కార్టిసాల్ ఆరోగ్యవంతులకంటె హెచ్చుగా నుండగా, ప్రతి మనుష్యునకు నిద్రలేచిన అరగంటలో సహజముగా జరుగు పెరుగుదల మాత్రము మొత్తము రోగులలో మందగించియున్నది. అనగా ఆ దేహము ఎల్లపుడు ఒత్తిడిలోనే యున్నది. నిజముగా ఎదుర్కొనవలసిన వేళ దానికి చాలిన బలము లేదు. 1937లో స్థాపింపబడి, ఒకనాడు ఆసియాఖండముననే పెద్దదని పేరుగాంచి, 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరున మూతబడిన మా నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెనుక విడిచిన ఇండ్లను నేనెఱుగుదును: బకాయి జీతములకై ఎదురుచూచు తండ్రి, గల్ఫునకు అప్పుచేసి వెళ్లిన అన్న, ఇంటిలో మానసికవ్యాధితో తమ్ముడు. మూతబడుటయే వ్యాధికి కారణమని చెప్పుటకు నాకు ఆధారము లేదు. ఒత్తిడిని మోయజాలని దేహములపైననే అధికమైన ఒత్తిడి పడుచున్నదని మాత్రము నిశ్చయముగా చెప్పగలను.

ఈ జిల్లా నేల వెలివేయబడిన వ్యాధిని అక్కున జేర్చుకొనుటకు క్రొత్త కాదు. 1915లో డిచ్‌పల్లికడ డాక్టర్ ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, రాజా నర్సాగౌడుగారి వంటి దాతల సాయముతో, ఊరివెలుపల చెట్లక్రింద పడియుండు కుష్ఠరోగులకు వైద్యశాల నెలకొల్పెను. వారికి ఆమె కూడుగుడ్డలతో సరిపెట్టలేదు. చాల్‌మూగ్ర తైలపు సూదిమందు నిచ్చి, ఒక్కొక్క రోగి దేహమున కలుగు మార్పును పరీక్షించుచు చికిత్స సాగించెను. కుష్ఠు పాపఫలమని లోకము నమ్మిన దినములలో దానిని దేహమునకు వచ్చిన వ్యాధిగా చూచి, దేహమునే పరీక్షించుటవలన ఆ స్థలము దేశాంతరములందును పేరు పొందినది. మనోరోగికి అంతపాటి దేహపరీక్ష నేడు కోరుట అత్యాశ కాదని నా విశ్వాసము.

చట్టము కూడ రోగి పక్షముననే యున్నది. 2017 మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, 21వ సెక్షనున, మానసికరోగిని సమస్త వైద్యసేవలలోను శరీరరోగితో సమానముగా చూడవలెననుచున్నది. 22వ సెక్షనున, ఇచ్చు చికిత్సను, దానివలన కలుగదగిన దుష్ఫలములను రోగి ఎఱుగుటకు హక్కు కలదనుచున్నది. గుండెరోగికి కొవ్వు పరీక్ష అడుగకయే జరుగుచుండగా, రిస్పెరిడోన్ వాడు స్త్రీకి ప్రొలాక్టిన్ పరీక్ష అడిగినను దొరకకుండుట ఆ సమానతకు విరుద్ధము. రవికెపై పాలచారలు చూచి బెదరిన అమ్మాయికి, ఇది మందువలన కలుగునది, మందు మార్చిన పోవునది అని ముందే చెప్పకపోవుట ఆ హక్కునకు భంగము.

కావున తమరిని వేడునది ఇది. నిజామాబాదునందును బోధనునందును మానసికరోగుల ఓపీ నడచుచోట్ల, ఉన్మాదపు మందు మొదలిడు ప్రతివారికిని ఆరంభమున షుగరు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు ఉచితముగా జరుగవలెను. మూడు నెలలకు మరల చూడవలెను. ఆడువారితో మాటలాడుటకు నర్సమ్మయో ఏఎన్ఎమ్మో ఒకరిని ఆ గదికి ప్రక్కన కూర్చుండబెట్టవలెను, ఏలయన అత్తమామల ఎదుట, మగవైద్యుని ముందు, ఈ సంగతులు మన పల్లె స్త్రీ నోట రావు. ప్రొలాక్టిన్‌ను పెంచని మందులు జిల్లాకేంద్రముననే గాక బోధను వైద్యశాలలోను నిత్యము నిలువయుండునట్లు కొనుగోలు జాబితా సవరింపవలెను. నెలకొకసారి మందు మారినచో, లేక దొరకక ఆగినచో, పైన జెప్పినదంతయు వ్యర్థము. కల్లు దుకాణములపై తీసికొను ప్రతి చర్యకును పది దినములు ముందుగా జిల్లా మనోవైద్యులకు తెలియజేసి, మోతాదు తగ్గించుటకు వలయు మాత్రలను, మంచములను సిద్ధము చేయింపవలెను.

వీనిలో కొన్నింటికి బడ్జెటు కావలెను, కొన్నింటికి రెండు శాఖల సమ్మతి కావలెను; అందులకు కాలము పట్టునని ఎఱుగుదును. ఈలోపల తమ శాఖ ఒక్క ఉత్తరువుతో చేయింపదగిన పని యొకటి కలదు. ఓపీ చీటీపై వేయుటకు ఒక రబ్బరు ముద్ర చేయింపవచ్చును: బరువు, నడుము కొలత, చివరి నెలసరి తేది, వాడుచున్న ఇతర మాత్రలు అని నాలుగు వరుసలు, ఎదుట ఖాళీలు. డాక్టరుగారికడకు చేరకముందే, వరండాలో వేచియున్న వేళ, ఆ ఖాళీలు నింపవచ్చును. వచ్చు సోమవారమునుండియే మొదలిడవచ్చును.

ఇట్లు,
విధేయుడు,
షక్కర్‌నగరు వాస్తవ్యుడు, బోధను